కోడిగ్రుడ్డులో రక్తపు దారులు : ఒక శాస్త్ర చరిత్ర

బళ్లారి, శిరుగుప్ప పల్లెలలోను, సరిహద్దుకు ఆవలనున్న ఆలూరు, ఆదోని, రాయదుర్గం పల్లెలలోను నాటుకోళ్లను పెంచే ఇండ్లలో ఒక పాత అలవాటు ఉన్నది. పెట్టను పొదుగుకు కూర్చుండబెట్టిన వారం రోజులకు గ్రుడ్లను ఒక్కొక్కటిగా తీసి, చీకటిలో దీపానికి అడ్డంగా పట్టి చూస్తారు. వెలుగు అడ్డు లేకుండా పచ్చగా దూసుకొని వస్తే ఆ గ్రుడ్డు మురిగిపోయేదే అని ప్రక్కన పెడతారు. లోపల సాలెగూడు వలె ఎర్రని దారాలు కనిపిస్తే పిల్ల కట్టినదని తిరిగి పెట్ట క్రిందికి చేరుస్తారు. ఆ ఎర్రని దారాలే రక్తనాళాలు. గ్రుడ్డు పెట్టిన నాడు వాటి జాడయైనా లేదు. మూడవ నాటికి అవి ఉన్నవి, వాటిలో రక్తం పారుతున్నది, నడుమ ఒక గుండె కొట్టుకొంటున్నది.

ఈ దారులను గీచినదెవరు? తుంగభద్ర ఆయకట్టులోని ప్రజలకు కాలువల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నేటి విజయనగర జిల్లాలోని హోస్పేట వద్ద 1945లో నిర్మాణం ప్రారంభమై 1953 నాటికి నీరిచ్చిన ఆనకట్ట నుండి ప్రధాన కాలువ, దాని నుండి ఉపకాలువలు, వాటి నుండి పొలాలకు పిల్లకాలువలు బయలుదేరినవి. శరీరంలోని రక్తనాళాలను తోటలోని నీటి కాలువలతో పోల్చినవాడు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. ఐతే తుంగభద్ర కాలువలకు ముందుగా నేల ఎత్తుపల్లాలు కొలిచి పటం గీచిన ఇంజనీర్లు ఉన్నారు. అదే 1953లో పటం మీద గీత గీచి బళ్లారి జిల్లా తాలూకాలను రెండు రాష్ట్రాలకు పంచినవారు కూడా ఉన్నారు. గ్రుడ్డులో పటమూ లేదు, ఇంజనీరూ లేడు. అయినప్పటికీ రక్తం అందవలసిన చోటికి అందుతూనే ఉంటుంది. ఇరువది మూడు శతాబ్దాలకు పైగా మానవుని వేధించిన ఈ ప్రశ్నకు సమాధానం గత 70 ఏండ్లలోనే చాలవరకు దొరికింది. దొరికినది కూడా ముఖ్యంగా కోడిగ్రుడ్డులోనే.

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ పొదుగులోని గ్రుడ్లను రోజుకొకటి చొప్పున పగులగొట్టి పరిశీలించాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచిన పిమ్మట గుండె ఒక రక్తబిందువు వలె కనిపిస్తుందని, ప్రాణమున్న దానివలె అది అదరుతుంటుందని, వంకరలు తిరిగిన రెండు నాళాలు దాని నుండి బయలుదేరుతాయని వ్రాశాడు. నేడు ఏ విద్యార్థి గ్రుడ్డు తెరచి చూచినా ఆ వర్ణనలో పెద్దగా దిద్దవలసినదేమీ ఉండదు. ఆ తరువాత రెండు వేల ఏండ్ల పాటు ఆయన మాటకు చేరినది స్వల్పమే. 1628లో రక్తప్రసరణను నిరూపించిన విలియం హార్వే 1651లో జీవుల ఉత్పత్తిని గూర్చి మరొక గ్రంథం ప్రచురించాడు. పిండంలో గుండె కంటె రక్తమే ముందు కనిపిస్తుందని ఆయన వాదించాడు. కాని ఆయన చేతిలో ఉన్నది భూతద్దమే. ధమనుల నుండి సిరలకు రక్తం ఏ దారిన చేరుతున్నదో ఆయన కంటికి కనబడలేదు.

ఆ దారిని చూచినవాడు ఇటలీ దేశపు మార్సెల్లో మాల్పీగీ. 1661లో కప్ప ఊపిరితిత్తులలో సూక్ష్మదర్శిని సహాయంతో కేశనాళికలను కనుగొన్నాడు. 1672లో కోడిపిండం పెరుగుదలను గురించి లండన్ రాయల్ సొసైటీకి సచిత్రంగా వ్రాసి పంపాడు. పచ్చసొనపై వలవలె పరచుకొన్న రక్తనాళాలను అంత వివరంగా అంతకు ముందెవ్వరూ చిత్రించలేదు. అయితే ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. పొదుగుకు వేయని గ్రుడ్డులో సైతం పిండపు రూపురేఖలు కనిపించాయని ఆయన వ్రాశాడు. ఆ గ్రుడ్డు ఆగస్టు మాసపు తీవ్రమైన ఎండలలో పెట్టినదని ఆయనే పేర్కొన్నాడు. బళ్లారి వేసవిని ఎరిగినవారికి ఇందులో వింతేమీ తోచదు. పెట్ట వేడి లేకపోయినా ఎండ వేడికే గ్రుడ్డు లోపల పిండం కొంత కదలడం సాధ్యమే. కాని యూరపులోని పండితులు ఈ ఒక్క పరిశీలనను ఆధారంగా తీసుకొని, ప్రాణి సమస్తం గ్రుడ్డులో ముందుగానే సూక్ష్మరూపంలో ఉంటుందని, పొదుగుడుతో అది కేవలం ఉబ్బి పెద్దదవుతుందని వాదించసాగారు. దీనికే పూర్వరూప వాదమని పేరు.

ఈ వాదానికి పదునెనిమిదవ శతాబ్దంలో పెద్ద అండ ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్. యూరపులో ఆనాటి శరీరధర్మ శాస్త్రజ్ఞులలో ఆయన కంటె మిన్న లేడని చెప్పాలి. 1758లో కోడిపిల్ల గుండె ఏర్పాటును గూర్చి గ్రంథం వ్రాస్తూ, గుండె, నాళాలు మొదటి నుండి ఉన్నవేనని, పారదర్శకంగా ఉన్నందున కంటికి కనబడవని ఆయన సిద్ధాంతీకరించాడు. మరుసటి సంవత్సరమే, అంటే 1759లో, పాతికేండ్ల యువకుడు కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్ తన పట్టా కోసం సమర్పించిన వ్యాసంలో దీనిని ఖండించాడు. ఆయన వాదానికి ప్రధాన సాక్ష్యం రక్తనాళాలే. పచ్చసొనపై ఆ వల ఏర్పడే చోట మొదట ఏ నాళమూ ఉండదు. చిన్న చిన్న ముద్దలు, వాటి నడుమ ఖాళీలు మాత్రమే ఉంటాయి. గంటలు గడిచేకొద్దీ ఖాళీలలో ద్రవం చేరి అవి ఒకదానితో ఒకటి కలిసి కాలువలవుతాయి. కనిపించనిది ఉన్నదని అనడానికి వీలు లేదు, ఎందుకంటే అదే చోట దానికి ముందు వేరొక నిర్మాణం కనిపిస్తున్నది అని వోల్ఫ్ తర్కం.

నేటి దృష్టితో చూస్తే గెలిచినవాడు వోల్ఫ్. ఆనాడు మాత్రం గెలిచినది హాలర్ ప్రతిష్ఠ. వోల్ఫ్‌కు స్వదేశంలో ఆచార్య పదవి దక్కలేదు. 1767లో ఆయన రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లిపోయి, అక్కడే 1794లో కన్నుమూశాడు. పేగు ఏర్పాటును గూర్చి ఆయన వ్రాసిన మరో గొప్ప వ్యాసం 1812లో జర్మను భాషలోకి అనువాదమైనప్పుడు గాని స్వదేశీయులు ఆయనను పట్టించుకొనలేదు. పండితుని పేరు చూచి సాక్ష్యాన్ని తూచే అలవాటు శాస్త్రానికి యాభై ఏండ్ల ఆలస్యం తెచ్చిపెట్టింది.

ఆ పిమ్మట పని వేగంగా సాగింది. 1817లో క్రిస్టియన్ పాండర్ రెండు వేలకు పైగా గ్రుడ్లను ఖర్చు చేసి, పిండం పలుచని పొరలుగా మొదలవుతుందని చూపాడు. ధనిక కుటుంబంలో పుట్టినవాడు గనుక అన్ని గ్రుడ్లు కొనగలిగాడు, చిత్రకారునీ పోషించగలిగాడు. రక్తం పుట్టే ముద్దలకు రక్తద్వీపాలనే పేరు శాస్త్రంలో స్థిరపడింది. 1893లో రిచర్డ్ తోమా అనే జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు కోడిపిండపు నాళాలను కొలిచి ఒక సూత్రం చెప్పాడు. ఎక్కువ రక్తం వేగంగా పారే నాళం వెడల్పవుతుంది. ప్రవాహం తగ్గిన నాళం కుంచించుకొని మాయమవుతుంది. కాలువకు ఇది పూర్తిగా విరుద్ధం. పూడుకొనిపోయిన ఉపకాలువను ఇంజనీరు తవ్వించాలి. రక్తనాళమైతే తన వెడల్పును తనలో పారే రక్తాన్ని బట్టి తానే సరిచేసుకొంటుంది.

ఇంతవరకు చూచినవారందరూ ఒక్కొక్క గంటకు ఒక్కొక్క గ్రుడ్డును పగులగొట్టి, చనిపోయిన పిండాలను వరుసగా పేర్చి కథ అల్లుకొన్నవారే. బ్రతికి ఉన్న పిండంలో నాళం పుట్టడాన్ని ఆద్యంతం కళ్లారా చూచినవారు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోరెన్స్ సేబిన్. 1917లో ఆ సంస్థలో పూర్తిస్థాయి ఆచార్య పదవి పొందిన మొదటి మహిళ ఆమె. 1925లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ కూడా ఆమే. రెండవ రోజు కోడిపిండపు పలుచని బిళ్లను తీసి, గాజుపలకకు వ్రేలాడే ద్రవబిందువులో ఉంచి, వెచ్చగా కాపాడుతూ సూక్ష్మదర్శిని క్రింద గంటల తరబడి ఆమె చూచేవారు. మధ్యపొరకు చెందిన కొన్ని కణాలు తోటివాటి నుండి విడివడి, కొంచెం గరుకుగా మారి, చిన్న గుంపులుగా చేరుతాయి. గుంపు నడుమ భాగం కరిగి ద్రవమవుతుంది. వెలుపలి కణాలు పలుచగా సాగి గోడ అవుతాయి. లోపల మిగిలినవి రక్తకణాలవుతాయి. ప్రక్క గుంపులు కొమ్మలు చాచి ఒకదానినొకటి అందుకొంటాయి. 1920లో ప్రచురించిన నివేదికలో ఆమె ఇదంతా వివరించారు. రక్తప్రవాహం మొదలయ్యే క్షణాన్ని చూడడానికి ఆమె రాత్రంతా మేలుకొని కూర్చున్నారు. తన జీవితంలో అంతటి ఉద్వేగం మరెన్నడూ కలుగలేదని తరువాత చెప్పుకొన్నారు.

సేబిన్ చూపినది ఎట్లు అన్న ప్రశ్నకు జవాబు. ఎవరు చెప్పగా అన్న ప్రశ్న అట్లే మిగిలింది. ఒకే రకంగా కనిపించే కణాలలో కొన్నింటికి మాత్రమే నాళం కావలెనని ఎవరు ఆదేశిస్తున్నారు? ఏ దిక్కునకు సాగవలెనని ఎవరు చూపుతున్నారు?

ఈ చోట వృద్ధి కారకం అనే మాట ప్రవేశిస్తుంది. ఆ మాటకు మొదట ఉన్న అర్థం వేరు. ఏ పదార్థం మేతలో లోపిస్తే పిల్ల ఎదగదో, సూక్ష్మజీవి పెరగదో, దానిని వృద్ధి కారకమనేవారు. ఆ అర్థంలో ఈ చరిత్రతో తెలుగువారికి ఒక గట్టి బంధుత్వం ఉన్నది. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మికులలో గర్భిణీ స్త్రీలకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు ఈస్టు సారంతో నయం చేశారు. ఆ సారంలో ఉన్నదేమో అప్పటికి తెలియదు. 1940 నాటికి అమెరికాలో కోడిపిల్లలకు మేత మార్చి చూచినవారు, ఒక పదార్థం లేకపోతే పిల్లలకు ఎదుగుదల తగ్గి రక్తం క్షీణిస్తుందని గమనించి, దానికి కోడిపిల్ల ఆంగ్ల నామంలోని మొదటి అక్షరం చేర్చి విటమిన్ బి-సి అని పేరు పెట్టారు. అదే ఫోలిక్ ఆమ్లం. లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారు చేసింది. 1895లో భీమవరంలో జన్మించి, 1923లో అమెరికా చేరిన ఆ మహనీయుడు, ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పని చేసే అమినాప్టెరిన్ వంటి మందులను కూడ తన ప్రయోగశాలలో తయారు చేయించారు. వాటిని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలపై ప్రయోగించి, తాత్కాలికంగానైనా జబ్బు వెనుకకు తగ్గడం చూచి, 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో పరమపదించారు. ఫోలిక్ ఆమ్లం నాళాలకు దారి చూపే కారకం కాదు. రెండింటినీ కలిపి చెప్పడం పొరపాటు. కాని కోడిపిల్లను నమ్ముకొని రక్తపు రహస్యాలను వెదకిన తరంలో ఒక తెలుగువాడు ముందు వరుసలో ఉన్నాడన్నది చెప్పుకోదగిన మాటే. ఆ బోస్టన్ ఆసుపత్రి పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

వృద్ధి కారకానికి నేటి అర్థం, అంటే ఒక కణం వెలువరించగా మరొక కణం అందుకొని పెరిగే ప్రోటీను అనే అర్థం, కూడా కోడిగ్రుడ్డులోనే పుట్టింది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం చేసిన జాతి చట్టాల వలన ఇటలీలోని యూదులు విశ్వవిద్యాలయాల నుండి వెలివేయబడ్డారు. అట్లు వెలికి గురియైన యువ వైద్యురాలు రీటా లెవి-మోంటాల్చీని టూరిన్ నగరంలో తన పడకగదినే ప్రయోగశాల చేసుకొన్నారు. కుట్టుసూదులను అరగదీసి పరికరాలు చేసుకొన్నారు. నగరంపై బాంబులు పడసాగినప్పుడు పల్లెకు వెళ్లి, రైతుల ఇండ్లకు తిరిగి గ్రుడ్లు సేకరించారు. యుద్ధానంతరం 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో విక్టర్ హాంబర్గర్ వద్ద చేరారు. ఎలుక కణితి ముక్కను కోడిపిండానికి అంటిస్తే పిండపు నరాలు విపరీతంగా పెరిగి దానిలోకి చొచ్చుకొనిపోతున్నాయి. కణితిని పిండానికి తాకనీయకుండా, పెంకు లోపలి వైపున ఉండే శ్వాసపొరపై ఉంచి చూచారు. పిండం ఊపిరి పీల్చుకొనేది ఈ పొర ద్వారానే. పిండానికీ దానికీ నడుమ ఉన్న సంబంధం రక్తమే. అయినా నరాలు పెరిగాయి. అనగా కణితి నుండి రక్తం ద్వారా ప్రయాణించే పదార్థమేదో ఉన్నది. 1953లో చేరిన రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ దానిని వేరుపరచారు. అదే నాడీ వృద్ధి కారకం. వీరిద్దరికీ 1986లో నోబెల్ బహుమానం లభించింది.

నరానికి కారకం ఉన్నప్పుడు రక్తనాళానికి ఎందుకు ఉండరాదు? ఫార్బర్ పని చేసిన ఆ బోస్టన్ ఆసుపత్రిలోనే 1967లో ప్రధాన శస్త్రవైద్యుడైన జూడా ఫోక్‌మన్ 1971లో ఒక ఊహను ప్రకటించారు. క్యాన్సరు కణితి తనకు కావలసిన రక్తనాళాలను తానే పిలిపించుకొంటుంది, ఆ పిలుపును ఆపితే కణితి ఎదగదు అని. చాలమంది నవ్వారు. కణితి చుట్టూ కనిపించే నాళాలు మంట వలన వచ్చినవేనని వారి అభిప్రాయం. ఫోక్‌మన్ బృందం మళ్లీ కోడిగ్రుడ్డునే ఆశ్రయించింది. పెంకుకు చిన్న కిటికీ కోసి, శ్వాసపొరపై కణితి ముక్కను గాని, దాని సారం నింపిన చిన్న గుళికను గాని ఉంచితే, రెండు మూడు రోజులలో చుట్టుప్రక్కల నాళాలు దిశ మార్చుకొని, బండిచక్రపు ఆకులు కుండ వైపు చేరినట్లు, ఆ చోటికి చేరుకొనేవి. నవ్వినవారిని ఒప్పించడానికి మాటల కంటె ఆ కిటికీ ఎక్కువ పని చేసింది. ఇంత చౌకగా, ఇంత స్పష్టంగా కంటికి కనిపించే పరీక్ష జీవశాస్త్రంలో అరుదు. నేటికీ ప్రయోగశాలలలో అది వాడుకలో ఉన్నది.

పిలిచే పదార్థాన్ని పట్టుకొనడానికి మరికొంత కాలం పట్టింది. 1984లో ఫోక్‌మన్ సహచరులు కణితి నుండి ఒక కారకాన్ని శుద్ధి చేశారు. అది తంతుకణ వృద్ధి కారకమని తేలింది. 1983లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ ద్వోరాక్ నాళాలను కారేటట్లు చేసే ఒక ప్రోటీనును గుర్తించి ఉన్నారు. 1989లో నపోలియోనె ఫెరారా పశువుల పీయూషగ్రంథి కణాల నుండి, నాళపు లోగోడ కణాలను మాత్రమే పెంచే కారకాన్ని వేరు చేశారు. పరిశీలింపగా రెండూ ఒకటే. అదే రక్తనాళ వృద్ధి కారకం. వైద్యులు దానిని వి.ఇ.జి.ఎఫ్. అని పిలుస్తారు.

ఇక ఈ కారకాలు గ్రుడ్డులో నిజంగా చేసే పని ఏమిటో తేల్చడానికి కోడికి తోడు కౌజుపిట్ట వచ్చింది. ఫ్రాన్సు దేశపు నికోల్ లె దువారాన్ 1969లో ఒక సులభమైన కిటుకును కనుగొన్నారు. కౌజు కణపు కేంద్రకం సూక్ష్మదర్శిని క్రింద కోడి కణానికి భిన్నంగా కనిపిస్తుంది. కౌజు పిండం ముక్కను కోడిపిండంలో అతికితే, ఏ కణం ఎక్కడికి వలస పోయినదో చివరి దాకా గుర్తుపట్టవచ్చు. కౌజు నాళాలకు, రక్తకణాలకు మాత్రమే అంటుకొనే ప్రతిరక్షకం ఒకటి 1987 నాటికి అందుబాటులోకి రావడంతో, నాళ కణాల సంచారం పటం గీచినట్లు తేటపడింది.

1992లో ఇంగో ఫ్లామె, వెర్నర్ రిసావ్ కౌజు పిండపు తొలి పొర కణాలను విడదీసి గాజుపాత్రలో పెంచారు. ఊరకనే ఉంచితే వాటి నుండి నాళాలు రాలేదు. తంతుకణ వృద్ధి కారకాన్ని కలిపితే రక్తద్వీపాలు ఏర్పడి, గాజుపాత్రలోనే నాళాల వల అల్లుకొన్నది. సేబిన్ చూచిన దృశ్యానికి తొలి ఆదేశం ఇదన్నమాట. ఆదేశం అందుకొన్న కణం తన ఉపరితలంపై రెండవ కారకానికి గ్రాహకాన్ని, అనగా తాళానికి రంధ్రం వంటి దానిని, మొలిపించుకొంటుంది. ఆ గ్రాహకం గల కోడిపిండపు కణాలను 1997లో ఆన్ ఐక్‌మన్, లె దువారాన్ ప్రభృతులు ఒక్కొక్కటిగా పెంచి చూచారు. వి.ఇ.జి.ఎఫ్. అందినది నాళపు గోడకణం అయింది. అందనిది రక్తకణం అయింది. ఒకే తల్లికణానికి రెండు దారులు, వాటి నడుమ తేల్చేది ఒక్క ప్రోటీను. గోడ, అందులో పారే రక్తం, రెండూ ఒకే ముద్ద నుండి ఎందుకు పుడతాయన్న పాత సందేహానికి ఇక్కడ ఆధారం దొరికింది.

అయితే పిలుపు ఉంటే చాలదు, దానికి కొలత ఉండాలి. 1995లో క్రిస్టఫర్ డ్రేక్, చార్లెస్ లిటిల్ కౌజు పిండంలోకి వి.ఇ.జి.ఎఫ్.ను అదనంగా ఎక్కించారు. నాళాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సన్నని వల ఉండవలసిన చోట వెడల్పైన గుంటలు ఏర్పడ్డాయి. నాళాలు ఉండకూడని చోట కూడ నాళాలు పుట్టాయి. కాలువలు తెగి పొలమంతా చెరువైన తీరు అది. మరుసటి ఏడాది, 1996లో, రెండు బృందాలు ఎలుకలలో దీనికి రెండవ కొసను చూపించాయి. ఈ కారకపు జన్యువు రెండు ప్రతులలో ఒక్కటి లోపించినా ఎలుక పిండం గర్భంలోనే చనిపోయింది. సగం తగ్గినా ప్రాణం పోతుంది, ఎక్కువైనా వల చెడుతుంది. శరీరంలో ఇంతటి నిక్కచ్చి తూకం గల పదార్థాలు చాల కొద్ది.

పిలిచేవి ఉన్నట్లే ఆపేవి కూడ ఉన్నవి. పిండం నడిమి గీతలోని పృష్ఠవంశం, తన చుట్టూ నాళాలు చేరకుండా నిరోధక ప్రోటీనులను వెలువరిస్తుందని 2004లో కౌజు పిండాలపై తేలింది. శరీరపు కుడి ఎడమ నాళాలు తొలినాళ్లలో విడివిడిగా ఉండడానికి కారణం ఇదే. అదే ఏడాది ఫెర్డినాండ్ ల నోబుల్, ఐక్‌మన్ ప్రభృతులు కోడిపిండంలో ధమనిని కట్టివేసి ప్రవాహాన్ని మళ్లించగా, ధమని కావలసిన భాగం సిర లక్షణాలను పొందింది. తోమా 1893లో కొలిచి చెప్పినదానికి నూరేండ్లు దాటిన తరువాత వచ్చిన సాక్ష్యం ఇది. వల వేసేది కారకం, దానిని మలచేది ప్రవాహం.

వల పరచుకొన్న పిమ్మట దూరపు కణజాలానికి కొమ్మలు ఎట్లు చేరుతాయి? ప్రాణవాయువు కొరవడిన కణం లోపల ఒక సూచిక ప్రోటీను నిలిచి, వి.ఇ.జి.ఎఫ్. తయారీని పెంచుతుంది. ప్రాణవాయువు చాలినంత ఉంటే ఆ సూచిక నిమిషాలలో నశిస్తుంది. ఈ ఏర్పాటును వెలికి తీసిన విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది. వెలువడిన కారకం చోటునకు దగ్గరగా చిక్కగా, దూరం పోయేకొద్దీ పలుచగా ఉంటుంది. నాళపు కొసన ఉన్న కణం సన్నని వ్రేళ్లు చాచి, చిక్కదనం ఉన్న వైపునకు నడుస్తుంది. దాని వెనుక కణాలు వరుసగా విభజన చెంది గొట్టమవుతాయి. ఈ కొసకణాన్ని 2003లో హోల్గర్ గెర్‌హార్ట్, క్రిస్టర్ బెట్‌షోల్ట్ ఎలుకపిల్లల కంటి నేత్రపటలంలో స్పష్టంగా చూపారు. అంటే నీరు లేని పొలమే కాలువను పిలుచుకొంటున్నది. గ్రుడ్డులో ఇంజనీరు అవసరం లేకపోవడానికి కారణం ఇదే.

కంటి ప్రస్తావన వచ్చినది కనుక, ఈ చరిత్ర పసిబిడ్డల ప్రాణాల నడుమకు ఎట్లు వచ్చినదో చెప్పక తప్పదు. మానవ శిశువు నేత్రపటలంలో రక్తనాళాలు తల్లి గర్భంలోనే, దాదాపు నెలలు నిండే వరకు పెరుగుతూ ఉంటాయి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డను బ్రతికించడానికి 1940 దశకంలో పాశ్చాత్య ఆసుపత్రులు ధారాళంగా ప్రాణవాయువు ఇవ్వసాగాయి. బిడ్డలు బ్రతికారు. కాని వారిలో ఎందరో గ్రుడ్డివారయ్యారు. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ ఈ జబ్బును మొదట వర్ణించారు. 1953 నాటికి ప్రపంచంలో సుమారు 10 వేల మంది శిశువులు చూపు కోల్పోయారని అంచనా. ప్రాణవాయువే కారణమని ఆ తరువాత గాని నిర్ధారణ కాలేదు. 1948లోనే ఐజాక్ మైకేల్సన్ అనే నేత్రవైద్యుడు, నేత్రపటలం నుండి వ్యాపించే ఏదో కారకం నాళాలను పెంచుతూ ఉండాలని ఊహించారు. ఆయన ఊహించిన ఆ కారకం వి.ఇ.జి.ఎఫ్. అని నలుబది ఏండ్లు దాటిన పిమ్మట తెలిసింది. బయటి ప్రాణవాయువు ఎక్కువైతే కారకం తగ్గి నాళాలు ఆగిపోతాయి. కొన్ని వారాలకు పెరిగిన నేత్రపటలం ప్రాణవాయువుకు అలమటించి కారకాన్ని విపరీతంగా వెలువరిస్తుంది. అప్పుడు పుట్టే నాళాలు కౌజు పిండంలో పుట్టినవాటి వంటివే. దారీ తీరూ ఉండదు, కారుతాయి, చివరకు పటలాన్ని లాగి ఊడదీస్తాయి.

ఈ జబ్బు నేడు భారతదేశానికి పెద్ద సమస్య. జిల్లా కేంద్రాలలో సైతం నవజాత శిశు విభాగాలు వచ్చి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు బ్రతుకుతున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. వారి కళ్లను సకాలంలో చూచేవారు మాత్రం అన్ని చోట్లా లేరు. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ జంటనగరాల ఆసుపత్రులకు వైద్యులను పంపి శిశువుల కళ్లను పరీక్షించే పనిని చేపట్టింది. కర్ణాటకలో బెంగళూరులోని నారాయణ నేత్రాలయ 2008లో వేరొక పద్ధతిని ప్రారంభించింది. శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది జిల్లాల ఆసుపత్రులకు కెమెరాతో వెళ్లి శిశువుల నేత్రపటలాలను చిత్రించి పంపితే, వైద్యులు దూరం నుండే చూచి చెబుతారు. 34 వారాలు నిండక పుట్టిన బిడ్డకు గాని, 2,000 గ్రాములకు మించని బరువుతో పుట్టిన బిడ్డకు గాని, పుట్టిన 30 రోజులలోగా ఈ పరీక్ష జరగాలన్నది దేశంలో వైద్యులు పాటించే నియమం. తల్లిదండ్రులు ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకొన్నా చాలు. నెల దాటితే పరీక్ష చేసి ప్రయోజనం లేని సందర్భాలు ఉన్నవి.

చికిత్స లేజరుతో గాని, వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డగించే మందును కంటిలోకి సూదితో ఎక్కించి గాని చేస్తారు. ఈ మందులలో ఒకటైన బెవసిజుమాబ్ మొదట 2004లో పెద్దప్రేగు క్యాన్సరుకు అమెరికాలో అనుమతి పొందినది. ఫోక్‌మన్ 1971 నాటి ఊహకు దక్కిన ఫలం అది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో దానిని శిశువుల కంటికి 0.625 మిల్లీగ్రాముల మోతాదులో వాడి, తీవ్రమైన కేసులలో మంచి ఫలితం చూపారు. కాని కంటిలో వేసిన మందు కొంత రక్తంలోకి చేరుతుంది. బిడ్డ మెదడులో, ఊపిరితిత్తులలో, మూత్రపిండాలలో ఇంకా నాళాలు పెరుగుతూనే ఉంటాయి. వాటికి అదే కారకం కావాలి. కౌజు పిండంలో ఎక్కువైతే ఏమవుతుందో, ఎలుక పిండంలో తక్కువైతే ఏమవుతుందో ఎరిగిన వైద్యులు అందుకే మోతాదును మెట్టు మెట్టుగా తగ్గించుకొంటూ వచ్చారు. 2017లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో 0.031 మిల్లీగ్రాములు, అనగా మొదటి మోతాదులో ఇరువదవ వంతు మాత్రమే ఇచ్చినా కంటిలోని జబ్బు వెనుకకు తగ్గింది. ఎంత తక్కువ ఇస్తే చాలునో, ఆ బిడ్డలు పెద్దవారయ్యాక వారి చూపు, బుద్ధి ఎట్లుంటాయో తెలుసుకొనే పని వివిధ దేశాలలో ఇంకా సాగుతూనే ఉన్నది.